పాత పెట్రోలు, కొత్త పన్ను

రాయలసీమలో ఊరి పేరు చివర సముద్రం అని ఉంటే అక్కడ పెద్ద చెరువు ఉన్నట్టు, లేదా ఒకప్పుడు ఉండినట్టు. బుక్కరాయసముద్రం అట్లాంటిదే, మదనపల్లె ప్రాంతంలో కర్ణాటక సరిహద్దు మీదున్న పెద్దతిప్పసముద్రం కూడా అట్లాంటిదే. చెరువు నిండాక ఆ నీళ్ళు ఎవరివి అనే తగువు ఈ ఊళ్ళకు పాతదే. నేను రాయబోయేది నీళ్ళ గురించి కాదు. పెట్రోలు బంకు కింద భూమిలో పాతిన ట్యాంకు గురించి. రాత్రి ఒక ధరకు నిండిన ట్యాంకు తెల్లారేసరికి ఇంకో ధరకు అమ్ముడుపోతే ఆ తేడా డబ్బు ఎవరిది?

లెక్కతోనే మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జులైలో పెట్రోలు, డీజిలు మీద వ్యాట్ పెంచింది. అప్పటిదాకా పెట్రోలుకు 31%, దాని మీద లీటరుకు 2 రూపాయల 76 పైసలు ఉండేది. డీజిలుకు 22.25%, దాని మీద 3 రూపాయల 7 పైసలు. శాతాలు కదల్లేదు గానీ పైన కలిపే రూపాయలు రెండింటికీ నాలుగు చేశారు. అంటే పెట్రోలు మీద 1.24, డీజిలు మీద 0.93 పెరిగింది. ఇప్పుడు పెద్దతిప్పసముద్రం మండలంలో ఒక బంకు ఉందనుకోండి. ఆ రాత్రి డిప్ రాడ్ వేసి చూస్తే ట్యాంకుల్లో 8,000 లీటర్ల పెట్రోలు, 12,000 లీటర్ల డీజిలు ఉన్నాయనుకోండి. మర్నాడు కొత్త రేటుకు అమ్మితే పెట్రోలు మీద 9,920, డీజిలు మీద 11,160, మొత్తం 21,080 రూపాయలు అదనంగా వస్తాయి. బండివాడు ఆ డబ్బును పన్ను అనుకునే ఇచ్చాడు. పేపర్లో కూడా పన్ను పెరిగిందనే వచ్చింది. కానీ అందులో ఒక్క రూపాయి కూడా ఖజానాకు పోదు.

ఎందుకు పోదంటే, 2005 వ్యాట్ చట్టం ప్రకారం ఆంధ్రలో పెట్రోలు మీద పన్ను పడేది రాష్ట్రంలో జరిగే మొదటి అమ్మకం దగ్గర. చమురు కంపెనీ బంకుకు ట్యాంకరు లోడు అమ్మినప్పుడే ఆ పని అయిపోతుంది. బంకువాడు మనకు అమ్మేది రెండో అమ్మకం, దానికి మళ్ళీ పన్ను లేదు. ట్యాంకులో ఉన్నది పాత రేటు కట్టేసిన సరుకు. పంపు మీద అంకె మారింది, కింద సరుకు మారలేదు.

ఇది బంకు ఓనర్ల దోపిడీ కథ అనుకుంటే తొందరపడ్డట్టే. ధర నిర్ణయించేది వాళ్ళు కాదు. పాత రేటుకే అమ్ముతామన్నా కుదరదు, కంపెనీ చెప్పిన రేటే. పైగా ఇది రెండువైపులా కోసే కత్తి. 2021 నవంబరు 3, దీపావళి ముందురోజు. కేంద్రం పెట్రోలు మీద 5 రూపాయలు, డీజిలు మీద 10 రూపాయలు ఎక్సైజు సుంకం తగ్గించింది. పండగ సెలవులని బంకులు ట్యాంకులు నింపి పెట్టుకున్న రోజులవి. మన లెక్కలోని బంకుకే పెట్రోలు మీద 40,000, డీజిలు మీద 1,20,000 నష్టం. అదీ సుంకం వరకే. వ్యాట్ శాతం లెక్కన ఉంటుంది కాబట్టి సుంకం తగ్గితే దాని మీద వ్యాట్ కూడా తగ్గుతుంది, కాబట్టి అసలు నష్టం ఇంకా ఎక్కువ. సరిహద్దు దాటి కర్ణాటక వైపు చూస్తే, అక్కడి ప్రభుత్వం కేంద్రం తగ్గించినదానికి తోడు తన వంతుగా ఇంకో ఏడేసి రూపాయలు తగ్గించింది. అక్కడి డీలరుకు రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి.

డీలరుకు లీటరు డీజిలు మీద వచ్చే కమిషన్ ఆ రోజుల్లో రెండున్నర రూపాయల దరిదాపు. పదిరూపాయల నష్టం పూడాలంటే ఆ ఒక్క లీటరుకు ఇంకో నాలుగు లీటర్లు అమ్మాలి. 2022 మే 21న కేంద్రం మళ్ళీ పెట్రోలుకు 8, డీజిలుకు 6 రూపాయలు తగ్గించింది. పది రోజుల తర్వాత, మే 31న, చాలా రాష్ట్రాల్లో డీలర్లు ఆ ఒక్క రోజు కంపెనీల దగ్గర లోడు ఎత్తకుండా నిరసన తెలిపారు. 2017 ఆగస్టు నుంచి కమిషన్ పెంచలేదన్నది ఒక ఫిర్యాదు, సుంకం తగ్గినప్పుడల్లా స్టాకు మీద నష్టం మాకేనా అన్నది ఇంకోటి. కమిషన్ 2024 అక్టోబరులో పెరిగింది. స్టాకు ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు లేదు.

ఇంతకీ పన్ను గేటు దగ్గరే పడాలని, గేటు దాటిన సరుకు దాని పరిధిలోంచి బయటపడాలని ఎవరు అన్నారు? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో పెట్రోలు మీద ఎక్సైజు సుంకం 1917లో, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో మొదలైంది. అప్పటి మాటలో 'మోటారు స్పిరిట్'. 1929లో గ్యాలనుకు నాలుగణాలున్న సుంకాన్ని ఆరణాలు చేసి, పెరిగిన రెండణాలు రోడ్ల నిధికి అన్నారు. (ఆంధ్రలో 2020లోనే లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వేశారు కదా, దాని ముత్తాత ఈ రెండణాలే.) ఈ సుంకాలు కేంద్రానివి. పెట్రోలు ఉత్పత్తి చేసేవాడి దగ్గర, అతని గేటు దాటేటప్పుడు వసూలు. నాలుగైదు కంపెనీల గేట్ల దగ్గర గుమాస్తాను కూర్చోబెడితే సరిపోతుంది, ఊరూరా తిరిగి డబ్బాలు లెక్కపెట్టక్కర్లేదు.

రాష్ట్రాలు ఈ ఆటలోకి వచ్చింది 1937 తర్వాత. అందులో మా చిత్తూరు జిల్లాకు ఒక పాత్ర ఉంది, అదీ సారా వల్ల. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1 నుంచి, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. ఆ లెక్కన మదనపల్లె తాలూకాలో కల్లు పాకలు మూతపడ్డాయి. అప్పటి మద్రాసు రాష్ట్రానికి భూమి శిస్తు తర్వాత పెద్ద ఆదాయం సారా, కల్లు మీదే. జిల్లా తర్వాత జిల్లాగా అది పోతుంటే ఖజానాలో పడే గొయ్యి దేనితో పూడ్చాలి? 1939లో మద్రాసు శాసనసభ రెండు చట్టాలు చేసింది. ఒకటి అందరికీ తెలిసిన జనరల్ సేల్స్ టాక్స్ చట్టం. దానికంటే కాస్త ముందు వచ్చి, ఇప్పుడు ఎవరికీ గుర్తులేనిది మోటారు స్పిరిట్ అమ్మకాల మీద పన్ను చట్టం. తాగేవాడి నుంచి రావలసింది బండి నడిపేవాడి నుంచి రావడం మొదలైంది.

చరిత్ర ఎంత కొంటెదంటే, ఆంధ్ర 2005 వ్యాట్ చట్టం ఆరో షెడ్యూల్లో మద్యం, పెట్రోలు, డీజిలు ఒకే జాబితాలో కూర్చుని ఉంటాయి. ఒకదాని ఆదాయం పోయిందని ఇంకొకటి తెచ్చుకున్నారు, కొన్నాళ్ళకు రెండూ ఉంచుకున్నారు.

అయితే పెట్రోలు మీద కేంద్రం సుంకం వేస్తుండగా రాష్ట్రాలు మళ్ళీ పన్ను వేయవచ్చా? ఈ ప్రశ్న మద్రాసు కంటే ముందే సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ నుంచి వచ్చింది. అక్కడ 1938లో పెట్రోలు, కందెన నూనెల చిల్లర అమ్మకం మీద 5% పన్ను వేస్తూ చట్టం చేశారు. అది ఎక్సైజు సుంకమే, పేరు మార్చారంతే, కాబట్టి మాది అని కేంద్రం వాదన. విషయం కొత్తగా పుట్టిన ఫెడరల్ కోర్టు ముందుకొచ్చింది. ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్, ఆయనతోపాటు సులేమాన్, జయకర్. రాష్ట్రానిదే న్యాయమన్నారు. ఉత్పత్తి మీద పడేది ఎక్సైజు, అమ్మకం మీద పడేది వేరే పన్ను. తర్వాత 1942లో మద్రాసు రాష్ట్రానికీ బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే తెలుగు వ్యాపారులకూ మధ్య కేసులో దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళారు. వాళ్ళది వేరుశెనగ నూనె, చెక్క వ్యాపారం, మా వైపు చెనిక్కాయల నూనె అంటాం. తయారుచేసినవాడే మొదటిసారి అమ్మినా, ఆ అమ్మకం మీద వేసేది అమ్మకపు పన్నే తప్ప ఎక్సైజు కాదని ఫెడరల్ కోర్టు చెప్పింది.

ఈ రెండు తీర్పుల మధ్య ఒక సందు మిగిలిపోయింది. సరుకు తయారైతే కేంద్రం, అమ్ముడుపోతే రాష్ట్రం. మరి తయారై, ఇంకా అమ్ముడుపోకుండా ఊరికే ట్యాంకులోనో గోదాములోనో ఉన్న సరుకు? అది ఒక స్థితి, సంఘటన కాదు. మన పన్నులన్నీ సంఘటనల మీద కట్టినవి. స్టాకు మీద నేరుగా పన్ను వేయడానికి మన చట్టంలో సులువైన తలుపు లేకపోవడానికి మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

గోదాములో ఉన్న సరుకు సంగతి కోర్టుల్లో తేల్చింది ఎక్కువగా పెట్రోలు కాదు, పొగాకు. 1951 బడ్జెట్‌తో పొగాకు సుంకం పెరిగింది. ఏప్రిల్ చివర్లో వచ్చిన ఫైనాన్స్ చట్టం మార్చి 1 నుంచే వర్తిస్తుందన్నారు. మధ్యలో సుంకం కట్టి సరుకు గోదాము దాటించి అమ్మేసుకున్న వ్యాపారులకు, తేడా కట్టండని నోటీసులొచ్చాయి. అమ్మేసిన సరుకు మీద ఇప్పుడెవరి దగ్గర వసూలు చేసుకోవాలి మేము? ఛోటాభాయ్ జేఠాభాయ్ పటేల్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మెజారిటీ తీర్పు ప్రభుత్వానిదే న్యాయమంది. వెనక తేదీ నుంచి వేసినా ఎక్సైజు ఎక్సైజే, కొనేవాడికి బదలాయించలేకపోయినంత మాత్రాన దాని స్వభావం మారదు. పార్లమెంటు గట్టిగా అనుకుంటే, గేటు దాటిపోయిన సరుకును కూడా పన్ను వెంటాడగలదన్నమాట.

రెండోది మన హైదరాబాదు కేసు. చార్మినార్ సిగరెట్ల వజీర్ సుల్తాన్ టొబాకో. 1978 బడ్జెట్లో మార్చి 1 నుంచి ప్రత్యేక ఎక్సైజు సుంకం అని కొత్తగా ఒకటి వచ్చింది. ఆ రోజుకి కంపెనీ ఫ్యాక్టరీలో తయారై, ప్యాకై ఉన్న సిగరెట్లు ఉన్నాయి. అవి మార్చి 1 తర్వాత గేటు దాటాయి. కొత్త సుంకం పడుతుందా? గేటు దాటిన రోజు రేటే లెక్క అంది ఎక్సైజు శాఖ. సుంకం పుట్టకముందే మా సిగరెట్లు పుట్టాయి అంది కంపెనీ. ఆ తగువు తేలడానికి 1996 దాకా పట్టింది, సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. చిత్రమేమంటే అంతకు ఏడేళ్ళ ముందు, 1989లో, వాలేస్ ఫ్లోర్ మిల్స్ కేసులో అదే కోర్టు దాదాపు తిరగబడ్డ మాట చెప్పింది. సరుకు తయారైన నాడు మినహాయింపు ఉన్నా సరే, గేటు దాటేనాటికి రేటు వచ్చేస్తే కట్టాల్సిందేనని.

రెండూ ఎట్లా పొసుగుతాయి? తేడా సన్నగా ఉంటుంది గానీ ఉంది. పిండి మీద సుంకం అనేది చట్టంలో ముందే ఉంది, మినహాయింపు వల్ల తాత్కాలికంగా రేటు సున్నా. సున్నా కూడా రేటే, పెరగవచ్చు. సిగరెట్ల మీద ఆ ప్రత్యేక సుంకం అనేదే ఫిబ్రవరి నెలాఖరుదాకా లేదు. లేనిదాన్ని వెనక్కి లాగి, ముందే తయారైపోయిన సరుకు మీద పెట్టడానికి ఆ చట్టంలో మాట లేదు. వసూలు ఎప్పుడన్నది వేరు, అసలు బాధ్యత పుట్టిందా అన్నది వేరు. సిగరెట్టు కంపెనీ మీద నాకేం జాలి లేదు, కానీ ఈ తేడా పెట్రోలుకు పనికొస్తుంది. ఉన్న రేటు పెరిగితే కంపెనీ ట్యాంకుల్లోని సరుకు గేటు దాటేటప్పుడు కొత్త రేటు కట్టాలి. దాటేసింది దాటేసినట్టే.

ఆ గేటు ఎక్కడుందన్నది కూడా స్థిరంగా లేదు. 2004 సెప్టెంబరు వరకు పెట్రోలును సుంకం కట్టకుండా రిఫైనరీ నుంచి దూరంలో ఉన్న డిపోల గోదాములకు తరలించే వీలుండేది. అక్కడి నుంచి బయటికొచ్చినప్పుడే సుంకం. ఆ నెలలో ఆ సౌకర్యం తీసేశారు. గేటు డిపో నుంచి రిఫైనరీకి వెనక్కి జరిగింది. దాంతో పైపులైన్లలో, డిపోల్లో, ట్యాంకరు లారీల్లో, బంకుల్లో ఎప్పుడూ పాత రేటు సుంకం కట్టేసిన సరుకు ఇంకా ఎక్కువ పోగుపడి ఉంటుంది. రేటు మారిన ప్రతి రాత్రీ అది ఎవరికో లాభం, ఎవరికో నష్టం.

అమెరికావాళ్ళు దీనికి వేరే దారి పట్టారు. అక్కడ రేటు పెరిగిన రాత్రి స్టాకునే లెక్కపెడతారు. 1993 అక్టోబరు 1న కేంద్ర ప్రభుత్వం గ్యాలనుకు 4.3 సెంట్లు పెంచినప్పుడు, ఆ రోజుకి నిల్వ ఉన్న, పాత పన్ను కట్టేసిన పెట్రోలు మీద కూడా తేడా కట్టమంది. ఫ్లోర్ స్టాక్స్ టాక్స్ అంటారు దాన్ని. 2017 నవంబరు 1న కాలిఫోర్నియా పెట్రోలు పన్ను 12 సెంట్లు, డీజిలు పన్ను 20 సెంట్లు పెంచింది. ఆ అర్ధరాత్రి పన్నెండు దాటిన ఒక నిమిషానికి వెయ్యి గ్యాలన్లు, అంతకు మించి నిల్వ ఉన్నవాళ్ళందరూ ఎంతుందో కొలిచి, తేడా కట్టాలి. అక్కడ బంకులు నడిపే మనవాళ్ళకు ఈ డిప్ రాడ్ రాత్రి బాగా తెలిసే ఉంటుంది. నాకు ఇందులో నచ్చేది నిజాయితీ. పన్ను పేరుతో కొనేవాడి దగ్గర తీసుకున్నది పన్నుగానే పోతుంది. ముందురోజు ట్యాంకులు నింపి పెట్టుకునే ఆశ కూడా చచ్చిపోతుంది.

మన దగ్గర అది కుదరదంటారు. ఇన్ని వేల బంకుల్లో అర్ధరాత్రి ఎవరు కొలుస్తారని. కానీ దేశం మొత్తం స్టాకు ఒక రాత్రి లెక్కపెట్టిన అనుభవం మనకుంది. 2017 జూన్ 30 అర్ధరాత్రి జీఎస్టీ వచ్చినప్పుడు కిరాణా కొట్టు నుంచి ఫ్యాక్టరీ దాకా ఉన్న నిల్వ మీద, పాత పన్నుకు క్రెడిట్ ఇవ్వాల్సి వచ్చింది. ఎక్సైజు కట్టిన బిల్లు లేని వ్యాపారికి కూడా 60 శాతమో 40 శాతమో ఊహించి ఇచ్చారు. 2005లో ఆంధ్రలో వ్యాట్ వచ్చినప్పుడూ అంతే, మార్చి 31 నాటి నిల్వ మీద అంతకుముందు ఏడాదిలో కట్టిన అమ్మకపు పన్నుకు క్రెడిట్ దొరికింది. పెట్రోలు జీఎస్టీలోకి రాలేదు కాబట్టి ఆ లెక్కలో కూడా రాలేదు. బంకుల్లో అయితే పని ఇంకా సులువు. రోజూ డిప్పు చూసి రిజిస్టరులో రాయడం వాళ్ళకు ఎట్లాగూ ఉన్నదే, చాలాచోట్ల ఇప్పుడు మీటర్లే కొలుస్తున్నాయి.

మరి పెట్టాలా? పెరిగినప్పుడు తేడా వసూలు చేసి, తగ్గినప్పుడు తేడా తిరిగి ఇచ్చేటట్టయితే పెట్టాలి. రెండోది లేకుండా మొదటిది మాత్రం వస్తే ఇప్పుడున్నదే నయం. ఇప్పుడు కనీసం జులై 2020లో వచ్చిన ఇరవై వేలు, నవంబరు 2021లో పోయిన లక్షన్నరలో కొంతైనా పూడుస్తుంది. పూర్తిగా పూడ్చదు, అంకెలు చూడండి. ఊరి బంకుకు ఆ లక్షన్నర అంటే రెండు మూడు నెలలు పిల్లగాళ్ళకు ఇచ్చే జీతాలు. పెద్ద కంపెనీకి ఇట్లాంటి లాభనష్టాలు ఏడాది మీద సర్దుకుపోతాయి, ఒక్క ట్యాంకు ఉన్నవాడికి సర్దుకోవు. రోజూ ధర మారే పద్ధతి కొంత మేలు చేసింది. 2017 మే 1న విశాఖతో కలిపి ఐదు ఊళ్ళలో ప్రయోగం చేసి, జూన్ 16 నుంచి దేశమంతా పెట్టారు. ముందు పదిహేను రోజులకోసారి రూపాయల్లో దూకే ధర, తర్వాత పైసల్లో కదలసాగింది. కానీ పన్ను పైసల్లో కదలదు. అది ప్రభుత్వాల చేతిలో ఉంటుంది, దూకినప్పుడు రూపాయల్లోనే దూకుతుంది.

పెద్దతిప్పసముద్రం, పుంగనూరు, కుప్పం లాంటి చోట్ల ఈ లెక్కకు ఇంకో మడత ఉంది. కర్ణాటకలో పన్ను తక్కువ. బండి ఉన్నవాడు అటు పోయినప్పుడు ట్యాంకు నింపుకునే వస్తాడు, మదనపల్లె టమాటా లారీ అయితే చెప్పనే అక్కర్లేదు. బండి ట్యాంకు కూడా ఒక గోదామే మరి, చక్రాల మీద ఉన్న గోదాము. దానిలో కర్ణాటక పన్ను కట్టిన డీజిలు ఆంధ్ర రోడ్ల మీద కాలుతుంది. అమెరికా రాష్ట్రాలు లారీలు ఎక్కడ ఎన్ని మైళ్ళు తిరిగాయో చూసి డీజిలు పన్ను పంచుకుంటాయి, మనకు అట్లాంటి ఒప్పందం లేదు. ఆంధ్ర వైపు బంకులో అమ్మకం నెమ్మది. లోడు నాలుగు రోజుల్లో అయిపోయే బంకు కంటే పది రోజులు నిలబడే బంకుకు, రేటు మారిన రాత్రి ట్యాంకులో ఎక్కువ సరుకు దొరికిపోతుంది. అంటే పన్ను తేడా వల్ల గిరాకీ పోగొట్టుకున్నవాడికే, పన్ను తగ్గినప్పుడు దెబ్బ కూడా గట్టిగా తగిలే వీలుంది.

2024 జూన్ 15న కర్ణాటక ప్రభుత్వం తన పన్ను పెంచింది. పెట్రోలుకు 25.92 నుంచి 29.84 శాతానికి, డీజిలుకు 14.3 నుంచి 18.4 శాతానికి. పంపు దగ్గర పెట్రోలు, డీజిలు రెండూ సుమారు మూడేసి రూపాయలు పెరిగాయి. ఆంధ్ర వైపు రేటుకూ వాళ్ళ రేటుకూ దూరం అంత మేర తగ్గింది. అక్కడా పన్ను పడేది చమురు కంపెనీ అమ్మకం దగ్గరే. అందుకని ఆ తెల్లారి సరిహద్దు అవతల బంకుల్లో, రాత్రి మిగిలిన సరుకు అయిపోయేదాకా మనవాళ్ళు కట్టిన ఆ మూడేసి రూపాయలు బెంగుళూరు దాకా పోలేదు. ఆ ఊళ్ళోనే ఉండిపోయాయి.